పాల బిల్లు – ఇంటి బడ్జెట్టు
(సంఘ సభ్యుల పాఠం)



నిడదవోలు ప్రాంతంలో సంఘాల లెక్కలు తనిఖీ చేసేటప్పుడు మేము ఒక విషయం తరచు గమనిస్తాము. గేదె పాలిచ్చే నెలల్లో ఎవరికీ బాకీ లేని సభ్యుడు, గేదె వట్టిపోగానే అడ్వాన్సు కోసం వస్తాడు. కొత్తగా వేరు కాపురం పెట్టి, చంటిబిడ్డలున్న ఇళ్ళలో ఈ ఇబ్బంది ఎక్కువ. వీరు దుబారా మనుషులు కారు. బిల్లు మొత్తాన్ని ఇంటి ఆదాయమనుకోవడంలోనే చిక్కు ఉన్నది.

1. వచ్చే సొమ్ము

మన డెల్టాలో సార్వా, దాళ్వా ధాన్యం సొమ్ము ఏడాదికి రెండుసార్లు వస్తుంది. కౌలుదారుకు మక్తా పోను మిగిలేది కొంచెమే. కూలి డబ్బు నాట్లకు, కోతలకు ఉంటుంది. కాలువలు కట్టేసిన వేసవిలో తగ్గుతుంది. పది రోజులకొకసారి చేతికందేది పాల బిల్లు. అందుచేత ఇంటి బరువంతా దాని మీద పడుతుంది.

2. అందులో గేదె వాటా

లెక్క సులువు కొరకు ఒక్క గేదె ఉన్న ఇంటిని తీసుకుందాము. ధరలు మీ ఊరివి వేసుకోండి.

రోజుకు సగటున 7 లీటర్లు. ఇంటికి 1 లీటరు ఉంచి సంఘానికి 6 లీటర్లు. లీటరు 60 రూపాయల చొప్పున పది రోజుల బిల్లు 3,600 రూపాయలు.

దాణా: శరీర పోషణకు 1 కిలో, ప్రతి 2 లీటర్ల పాలకు 1 కిలో, మొత్తం నాలుగున్నర కిలోలు. కిలో 30 రూపాయలైతే పది రోజులకు 1,350.
గడ్డి, లవణ మిశ్రమం, మందులు: రోజుకు 50 చొప్పున 500.
మిగులు: 1,750.

ఇది కూడా పూర్తిగా ఇంటిది కాదు. గేదె 300 రోజులు పాలిచ్చి, 120 రోజులు వట్టిగా ఉన్నదనుకోండి. ఆ చూడి కాలంలో రోజుకు 2 కిలోల దాణా, ఇతర ఖర్చులు కలిపి 110 రూపాయలు. 120 రోజులకు 13,200. దీనిని 30 బిల్లులకు పంచితే బిల్లుకు 440. ఇక ఇంటికి మిగిలేది 1,310.

30 బిల్లులకు 39,300. ఇది 14 నెలలు రావాలి. నెలకు సుమారు 2,800. బిల్లులు చూస్తే నెలకు 10,800 కనిపిస్తుంది. ఇల్లు నడపవలసింది 2,800తో. చాలని మిగతాది కూలి, ధాన్యం సొమ్ము నుంచి రావాలి.

3. మూడు డబ్బాలు

బిల్లు అందిన రోజే సొమ్మును మూడుగా విడదీయండి. మొదటిది దాణా డబ్బా, రెండవది వట్టి నెలల డబ్బా, మూడవది ఇంటి డబ్బా. రెండవదానిని బ్యాంకులోనో పొదుపు సంఘంలోనో వేయడం మేలు. 1990లలో నెల్లూరు జిల్లా మహిళలు ‘పొదుపు లక్ష్మి’ పేరున రోజుకొక రూపాయితో మొదలుపెట్టారు. మొత్తం చిన్నదని వెనుకాడవద్దు.

4. అప్పు లెక్క

వట్టి నెలలకు 13,200 అప్పు తెచ్చారనుకోండి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, వడ్డీయే 3,168. అది ఇంటి నెల వాటాను మించిపోయింది. తప్పనిసరైతే ముందు బ్యాంకును అడగండి. కిసాన్ క్రెడిట్ కార్డును 2018–19లో పాడి రైతులకు కూడా వర్తింపజేశారు.

5. ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ కూడదు

కోతల రోజుల్లో గడ్డి చౌక. ఏడాది వామి అప్పుడే వేసుకోండి. గట్ల మీద పచ్చిమేత పెంచితే దాణా ఖర్చు కొంత దిగుతుంది. గేదె ఎదను కనిపెట్టండి. మూగ ఎద కావచ్చు, ఉదయం సాయంత్రం చూడాలి. ఒక ఎద తప్పితే 21 రోజుల వట్టి మేపు, అంటే 2,310 రూపాయలు.

బిల్లు పెంచుదామని బిడ్డ లీటరు పాలు మాత్రం సంఘానికి పోయవద్దు. చూడి గేదె దాణా కూడా కోయవద్దు. ఆ కోత వచ్చే ఈత పాలలో కనిపిస్తుంది.

అభ్యాసము

1. మీ గత మూడు బిల్లులు కూడి, దాణా, గడ్డి ఖర్చులు తీసివేయండి.
2. మీ గేదె కిందటి ఈతలో ఎన్ని రోజులు వట్టిగా ఉన్నది? ఆ మేపు ఎంతయినది?
3. భార్యాభర్తలిద్దరూ కూర్చుని, రాబోయే బిల్లును మూడు డబ్బాలుగా కాగితం మీద రాయండి.

ఆ కాగితం పాల పుస్తకంలోనే ఉంచండి. తనిఖీకి వచ్చినప్పుడు చూపితే లెక్క సరిచూచి పెడతాము.