ముందు జీవో నంబరు అడగండి

శంషాబాద్‌లో ఏ టీ కొట్టు ముందు నిలబడ్డా పది నిమిషాల్లో మూడు చర్చలు చెవిన పడతాయి. మెట్రో వస్తుందా రాదా, 111 జీవో ఉందా పోయిందా, జీహెచ్‌ఎంసీలో కలిశాక ఇంటి పన్ను ఎంత పెరుగుతుంది? ఊరి సంగతులు ఇంత పట్టించుకునే జనం ఉండటం మంచి విషయం. బాధ కలిగించేది ఒక్కటే. ఆ మాటలు చాలాసార్లు 'మీ పార్టీ, మా పార్టీ' దగ్గరికొచ్చి ఆగిపోతాయి. ఇద్దరు స్నేహితుల మధ్య మాటలు బందవుతాయి, ఊరికి మాత్రం ఒరిగేదేమీ ఉండదు.

స్నేహాలు నిలవాలంటే రాజకీయాలు మాట్లాడొద్దని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేనివ్వను. మాట్లాడండి, గట్టిగానే మాట్లాడండి. వాదన అయ్యాక ఎదుటివాళ్లకు మీ మీద గౌరవం పెరిగేలా మాట్లాడండి. అది సాధనతో వచ్చే విద్యే.

ముందుగా, ఏ విషయమైనా ప్రస్తుతం ఏ దశలో ఉందో తేల్చుకోండి. ఎయిర్‌పోర్టు మెట్రోనే చూడండి. 2022 డిసెంబర్ 9న రాయదుర్గం నుంచి విమానాశ్రయం దాకా 31 కిలోమీటర్ల మార్గానికి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన చేశారు. ఖర్చు 6,250 కోట్ల రూపాయలన్నారు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది. రేవంత్ రెడ్డి ప్రభుత్వం ఆ మార్గాన్ని పక్కనపెట్టి నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా కొత్త దారి ఎంచుకుంది. 2024 నవంబర్‌లో దాన్ని రెండో దశలో చేర్చి, మొత్తం ఐదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్ల అంచనాతో కేంద్రం ఆమోదానికి పంపింది. 'మెట్రో వచ్చేసినట్టే' అనేవాళ్లూ, 'అంతా ఉత్తదే' అనేవాళ్లూ ఈ వరసను చూడకుండానే కొట్లాడుతుంటారు. శంకుస్థాపన వేరు, సవివర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) వేరు. కేంద్రం ఆమోదం, టెండరు, భూసేకరణ, పనులు మొదలవడం దేనికదే. పేపర్లో వార్త చదివినప్పుడు పక్కన పెన్సిల్‌తో ఆ దశ పేరు రాసుకోండి. ఈ ప్రాంతంలో అది డబ్బుకు సంబంధించిన జాగ్రత్త కూడా. శిలాఫలకం ఫొటో చూసి ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చే కుటుంబానికి ఈ తేడా చెప్పగలిగినవాడే నిజమైన శ్రేయోభిలాషి.

ఇక 111 జీవో. 1996 మార్చి 8న వచ్చిన ఈ ఉత్తర్వు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను అడ్డుకుంది. శంషాబాద్ మండలంలోని ఊళ్లూ అందులో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో ఆంక్షలు సడలిస్తూ జీవో 69 వచ్చింది. 2023 మేలో మంత్రివర్గం 111ను పూర్తిగా ఎత్తేస్తామంది. ఎవరైనా 'అది ఎప్పుడో పోయింది కదా' అంటే గొంతు పెంచకండి. 'ఏ జీవోతో పోయింది, ఏ తేదీన?' అని నెమ్మదిగా అడగండి. తెలిసినవాళ్లు చెబుతారు, తెలియనివాళ్లు వెతుకుతారు. రెండూ లాభమే.

ఈ విషయం మీదే ఒక పెద్దాయనా, ఒక కుర్రాడూ వాదించుకోవడం విన్నాను.

"జీవో ఎత్తేస్తే చెరువులు ఆగమైతయి పెద్దనాయనా."

"ఆగమైంది మా బతుకులు బిడ్డా. అవతలి ఊళ్లె ఎకరం కోట్లు పలుకుతుంటే మా భూమి అడిగేటోడు లేడు. ఇప్పుడు పట్నానికి కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నయి గద."

చాలామంది అక్కడ 'మీకు ప్లాట్లే కావాలి' అని ఒక మాట విసిరేస్తారు. ఆ కుర్రాడు అలా అనలేదు. "మీ భూమిని ఆపినందుకు పట్నం మీకేమన్నా ఇస్తే, జీవో ఉండనిస్తరా?" అని అడిగాడు. పెద్దాయన కాసేపు ఆలోచించి, "ఇస్తే ఎందుకొద్దంటం? ఇన్నేండ్లల్ల అడిగినోడే లేడు" అన్నాడు. అప్పటిదాకా రైతు మీదా, చెరువు మీదా జరిగిన గొడవ అక్కడి నుంచి పరిహారం మీద చర్చగా మారింది. విధానాల గురించి మాట్లాడటమంటే అదే. ఎదుటివాడి కష్టాన్ని అతని కన్నా స్పష్టంగా చెప్పగలిగితేనే మీ అభ్యంతరం అతనికి వినిపిస్తుంది.

పెద్దాయన వాదనలో ఒక లోటుంది, అదీ చెప్పాలి. ఆ జలాశయాలు తాగునీటి కోసం మాత్రమే కట్టినవి కావు. 1908 మూసీ వరదల్లో వేలమంది చనిపోయాక, వరదను అదుపు చేయడానికి కూడా కట్టారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 2025 సెప్టెంబర్‌లో వాటి గేట్లు ఎత్తినప్పుడు మూసీ నీళ్లు ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి వచ్చాయి. కృష్ణా నీళ్లు ఎన్నొచ్చినా వరద ప్రశ్న అలాగే ఉంటుంది. అందుకే నా మొగ్గు చెరువుల వైపే, రైతుకు పరిహారం ఇచ్చే షరతు మీద. మీకు అక్కడ భూమి ఉంటే ఆ సంగతి ముందే చెప్పి మాట్లాడండి. తర్వాత ఇంకొకరి నోటి నుంచి బయటపడితే మీ మంచి వాదన కూడా చెడిపోతుంది.

వార్తల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2019 నవంబర్‌లో శంషాబాద్ టోల్‌ప్లాజా దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరం దేశాన్ని కలచివేసింది. ఆమె పేరు, ఫొటో బయటపెట్టకూడదని చట్టం చెబుతున్నా గంటల్లోనే ఊరంతా తిరిగాయి. డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ మాత్రం పోలీసుల కథనం నమ్మదగినది కాదని, పదిమంది పోలీసులపై హత్య కేసు విచారణ జరగాలని చెప్పింది. ఆ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది, వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. ఆ రోజు ఆవేశం సహజం. మొదటి రోజు ఏర్పడిన అభిప్రాయాన్నే ఏళ్ల తరబడి పట్టుకు వేలాడటం మాత్రం మనం దిద్దుకోవలసిన అలవాటు. 'ఇంకా తెలియదు, తెలిశాక మాట్లాడతా' అనగలగడం ధైర్యం.

చివరిగా, నోటితో అన్నదాన్ని కాగితం మీద పెట్టండి. విమాన టికెట్‌లో యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు (యూడీఎఫ్) ఎక్కువగా ఉందని తిట్టుకుంటాం. ఆ ఛార్జీలు నిర్ణయించే ఏరా అనే నియంత్రణ సంస్థ ముందుగా చర్చాపత్రం విడుదల చేసి అభిప్రాయాలు అడుగుతుంది. రోడ్డు పని ఎందుకు ఆగిందో తెలియాలంటే సమాచార హక్కు దరఖాస్తుకు జిల్లా, రాష్ట్ర కార్యాలయాల్లో 10 రూపాయలు, మండలంలో 5 రూపాయలు చాలు. గడువు 30 రోజులు. 2025 డిసెంబర్‌లో శంషాబాద్ సహా 27 పట్టణ స్థానిక సంస్థలు జీహెచ్‌ఎంసీలో కలిశాక, వార్డులను 300కు పెంచే ముసాయిదాపై అభ్యంతరాలకు దొరికింది కొద్దిరోజులే. ఇకపై ఇలాంటి ముసాయిదా వచ్చిన రోజే చదవండి. వాదించిన మిత్రుణ్నీ కూర్చోబెట్టుకుని, ఇద్దరూ ఒప్పుకున్న అంశాలను ఒక పేజీలో రాసి, గడువులోగా ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.