గీచుకొన్న గిరి

వేసవి సెలవులనగానే మన పిల్లలకు అమ్మమ్మగారి యూరు, మామిడితోట, చెరువుగట్టు జ్ఞప్తికి వచ్చును. అమెరికాలో లక్షలకొలది బాలబాలికలకు అట్లు జ్ఞప్తికి వచ్చునది శిబిరము. అడవి నడుమనో సరస్సు గట్టుననో కట్టిన కొయ్య యిండ్లలో, తల్లిదండ్రులను విడిచి వారు కొన్ని వారములు గడపుదురు.

ఈ యాచారము నిన్న మొన్నటిది కాదు. 1861లో కనెక్టికట్ రాష్ట్రమున ఫ్రెడరిక్ గన్ అను ఉపాధ్యాయుడు తన పాఠశాల బాలురను సుమారు 40 మైళ్లు నడిపించి, సముద్రతీరమునకు గొనిపోయి గుడారములలో నుంచెను. అవి అంతర్యుద్ధపు దినములు. సైనికులవలె ఆరుబయట నిద్రింపవలెనని బాలుర కుబలాటము. 1881లో ఎర్నెస్ట్ బాల్చ్ అను కళాశాల విద్యార్థి న్యూహాంప్‌షైర్ రాష్ట్రమందలి స్క్వామ్ సరస్సులోని యొక దీవిలో శిబిరము నెలకొల్పెను. ధనికుల బిడ్డలు వేసవియంతయు హోటళ్లలో సోమరులై తిరుగుట అతనికి నచ్చలేదు. అందుచే తన శిబిరమున నౌకరులుండరాదని నియమించెను. వంటయు, పాత్రలు తోముటయు బాలురపనియే. ఆ శిబిరము 1889 వరకే నడచినది గాని, దాని పద్ధతి నిలిచినది.

పిల్లలు సరే, వారిని కనిపెట్టి యుండువారెవరు? పెక్కురు కళాశాలలలో చదువుకొను యువతీయువకులే. నిన్నటివరకు తమ దుప్పటి తాము మడిచి యెరుగనివారు నేడు ఎనమండుగురు పిల్లలకు తల్లియు తండ్రియు కావలెను. చదువుకొను దినములలో ఒక వేసవి నేనును న్యూహాంప్‌షైర్‌లో ఒక సరస్సు గట్టున అట్టి కొలువు చేసితిని.

నేను కృష్ణా డెల్టాలోని పల్లెటూరివాడను. బడిలో పద్యము చదువుమని మాస్టారు లేపినచో నాకు కాళ్లు వణకెడివి. నలుగురిలో నోరు విప్పకుండుటయే మర్యాదయని నాకు నేను నచ్చజెప్పుకొని, ఆ గిరిలోనే పెరిగితిని. పిల్లలు వచ్చుటకు వారము ముందే మాకు శిక్షణ మొదలైనది. మొదటి రాత్రి నెగడు చుట్టు కూర్చుండగా, ఒక్కొక్కరును లేచి పాట పాడుచు అభినయింపవలెననిరి. నా వంతునకు కప్ప పాట వచ్చినది. నేను మెల్లగా వెనుక చీకటిలోనికి జరిగితిని. శిబిరాధికారిణి, తల నెరసిన పెద్దావిడ, నా ప్రక్కకు వచ్చి కూర్చుండెను.

“అబ్బాయీ, రానున్న వారము పదేండ్ల పిల్లలను చన్నీటిలో దిగుమందువు, తల్లి లేకుండ నిద్రింపుమందువు. వారికెట్లుండునో నీకిప్పుడు తెలియుచున్నది గదా! ఆ భయమును మరువకుము. లేచి గెంతుము” అనెను.

గెంతితిని. గొంతు ఎండినది, పాట తప్పినది, అందరును నవ్విరి. నేనును నవ్వితిని. పోయినది కొంచెము బింకము మాత్రమే.

ఆ యుత్సాహముతోనే మరునాడు ఈతరక్షకుల పరీక్షకు పోతిని. ఈత నాకు క్రొత్త కాదు; మా యూరి కాలువలో బెండ్లు కట్టుకొని నేర్చినవాడను. కాని కాలువ నీరు వెచ్చన, గట్టు నాలుగు బారల దూరము. జూన్ మాసమున ఆ సరస్సు నీరు రొమ్మును పట్టి బిగించినది. ఏడెనిమిది అడుగుల లోతుననున్న 10 పౌనుల బరువును మునిగి పైకి తేవలెను. రెండుమారులు మునిగితిని; రెండుమారులును వట్టిచేతులతో తేలితిని. “మరల ప్రయత్నింతువా?” అని పరీక్షకుడడిగెను. ఎట్లో తంటాలుపడి ఒక్కసారి తెచ్చినచో నెగ్గితిననిపించుకొందునని ఆశ కలిగినది. కప్పగంతులు వేసినవాడు దీనికి వెనుకంజ వేయునా! అంతలో వేరొక తలపు వచ్చినది. నిన్న తప్పినచో నాకు నవ్వుబాటు. ఇచ్చట తప్పినచో మునుగునది మరియొకరి బిడ్డ. “ఈ పని నావలన కాదు” అంటిని. నెగడు ముందు లేచుటకంటె ఆ మాట పలుకుటయే నాకెక్కువ కష్టమైనది.

నన్ను గట్టున పలక యొద్ద నియమించిరి. అచ్చటి పద్ధతి చెప్పవలెను. నీటిలో దిగు ప్రతి పిల్లవానికి సమానమైన యీత వచ్చిన జతగాడొకడుండును. ఇరువురి పేర్ల బిళ్లలును పలకపై ఒకచోట వ్రేలాడును. ఈల వేయగానే ప్రతి జతయు చేతులు కలిపి పైకెత్తవలెను. గట్టుననున్నవాడు లెక్కించి బిళ్లలతో సరిచూడవలెను. ఇదియొక పనియా యని మొదట నేను చిన్నబుచ్చుకొంటిని.

రెండవ వారమున ఒకనాడు ఈల వేయగా లెక్క కుదరలేదు. ఒక పిల్లవాడు ఒంటరిగా నిలిచి దిక్కులు చూచుచుండెను. నా నోట మాట రాలేదు, అయినను అరచితిని. క్షణములో పిల్లలందరు గట్టెక్కిరి. రక్షకులు చేయి చేయి పట్టుకొని, వరుసగా నిలిచి, నీటి యడుగును కాళ్లతో వెదకసాగిరి. వారు వేయు ఒక్కొక్క అడుగు నాకొక యుగముగా తోచినది. కొలదిసేపటికి ఇంటివైపునుండి కేక వినవచ్చినది. పిల్లవాడు తన మంచముపై దుప్పటి ముసుగు పెట్టుకొని పడుకొనియుండెను. వాడు నా యెనమండుగురిలోనివాడే.

ఆ సాయంకాలము వాని ప్రక్కన కూర్చుంటిని. మందలించుటకు మాటలు కూర్చుకొనియే పోతిని గాని, “మోకాలిలోతున నేను నిలిచియుండగా అందరును నన్నే చూచుచున్నారు” అని వాడనగా ఆ మాటలేవియు రాలేదు. చెప్పక పోవుట తప్పని మాత్రము గట్టిగా చెప్పితిని. పిమ్మట కాలువ సంగతియు, నా పరీక్ష సంగతియు చెప్పితిని. వాడు లేచి కూర్చుండి, “రెండుసార్లును తప్పితివా?” అని ఆశ్చర్యముతో అడిగెను.

నాటినుండి తీరిక వేళలలో, రక్షకుడు చూచుచుండగా, మేమిరువురము సరస్సునకు పోయెడివారము. వాడు ముఖము నీటిలో ముంచి అంకెలు లెక్కించుట నేర్చెను. నేను బరువుకై మునుగుచుంటిని. శిబిరము ముగియునాటికి వాడు రొమ్ములోతునకు వచ్చెను. కడపటి దినమున నేను బరువును ఒకమారు పైకి తెచ్చితిని. రెండవమారు అది చేయి జారినది. వాడు గట్టున నిలిచి రెంటిని లెక్కించి, రాత్రి నెగడు యొద్ద అందరికిని దాచకుండ చెప్పెను.