పాత ప్రోగ్రాములకు కొత్త యంత్రం – ఎమ్యులేషన్ పాఠం



పోయిన సెలవుల్లో మన హాస్టల్‌కు వచ్చినప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం చదివే తమ్ముడొకడు లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. "అన్నా, ల్యాబ్ పరీక్ష టర్బో సి మీదే అంటున్నారు. ఇందులో అది తెరుచుకోవడం లేదు. లాప్‌టాప్ చెడిపోయిందా?" అని భయంగా అడిగాడు. వాళ్ళ నాన్న అప్పు చేసి కొనిచ్చిన లాప్‌టాప్ అది. "చెడిపోలేదు తమ్ముడూ, దానికి పాత భాష రాదు, అంతే" అన్నాను. ఆ రోజు అతనికి చెప్పిన సంగతులనే ఇక్కడ పాఠంగా రాస్తున్నాను.

1. పాత ప్రోగ్రాము ఎందుకు నడవదు?

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో సి నేర్చుకున్న మా తరానికి టర్బో సి నీలి తెర బాగా తెలుసు. బోర్లాండ్ కంపెనీ టర్బో సిని 1987లో, టర్బో సి++ను 1990లో విడుదల చేసింది. ఇవి డాస్ కోసం తయారైన 16 బిట్ల ప్రోగ్రాములు. 32 బిట్ల విండోస్‌లో ఇలాంటి వాటిని నడపడానికి ఒక ఏర్పాటు ఉండేది. 64 బిట్ల విండోస్‌లో ఆ ఏర్పాటు లేదు. కాబట్టి కంప్యూటర్ ఎంత కొత్తదైనా, ఎంత వేగమైనదైనా వీటిని నేరుగా నడపలేదు.

2. ఎమ్యులేషన్ అంటే ఏమిటి?

సరిహద్దు మండలం నుండి ఒక విద్యార్థి తండ్రి వచ్చాడనుకుందాం. ఆయనకు మరాఠీ తప్ప రాదు. వార్డెన్ గారికి మరాఠీ రాదు. మధ్యలో కొడుకు నిలబడి ఒక్కొక్క మాటా తెలుగులో చెబుతాడు. ఎమ్యులేటర్ చేసే పని ఇదే. పాత ప్రోగ్రాము ఇచ్చే ప్రతి ఆజ్ఞనూ చదివి, కొత్త యంత్రానికి అర్థమయ్యేలా చేయిస్తుంది. పాత ప్రాసెసర్‌ను, తెరను, సౌండ్ కార్డును కూడా తానే అనుకరిస్తుంది. ఆ ప్రోగ్రాము మాత్రం తాను పాత కంప్యూటర్‌లోనే ఉన్నాననుకుంటుంది.

వర్చువల్ మెషీన్ అనేది దీనికి దగ్గరి బంధువు. అందులో ఆజ్ఞలను చాలావరకు అసలు ప్రాసెసరే నేరుగా చేస్తుంది. అంటే ఒకే ఇంట్లో గోడ కట్టి వేరే కుటుంబానికి ఒక గది ఇచ్చినట్టు.

3. డాస్‌బాక్స్‌లో టర్బో సి

డాస్‌బాక్స్ 2002లో మొదలైన ఉచిత ఎమ్యులేటర్. పద్ధతి ఇది:

(అ) టర్బో సి ఫోల్డర్‌ను సి డ్రైవ్‌లో ఉంచండి.
(ఆ) డాస్‌బాక్స్ తెరిచి "మౌంట్" ఆజ్ఞతో ఆ ఫోల్డర్‌ను "డి" డ్రైవ్‌గా చూపండి.
(ఇ) డి డ్రైవ్‌కు మారి, "బిన్" ఫోల్డర్‌లోకి వెళ్ళి "టిసి" అని టైపు చేయండి.
(ఈ) హెడర్ ఫైలు దొరకలేదని తప్పు చూపిస్తే ఆప్షన్స్ మెనూలో డైరెక్టరీస్ తెరవండి. "ఇన్‌క్లూడ్", "లిబ్" దారులు డి డ్రైవ్‌కు సరిపోయేలా మార్చండి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

మౌస్ ఆ కిటికీలో చిక్కుకుపోతే కంట్రోల్, ఎఫ్10 కలిపి నొక్కండి. వేగం తగ్గించడానికి కంట్రోల్ ఎఫ్11, పెంచడానికి కంట్రోల్ ఎఫ్12.

4. మైనస్‌లో వచ్చిన మెస్ బిల్లు

ఎమ్యులేటర్ పాత యంత్రంతోపాటు దాని పరిమితులను కూడా తెస్తుంది. టర్బో సిలో "ఇంట్" 16 బిట్లు, అంటే 32767 వరకే పడుతుంది. 250 మందికి తలా 150 రూపాయల మెస్ బిల్లు లెక్క వేయండి. 37500 రావాలి. "ఇంట్"లో వేస్తే −28036 వస్తుంది! అదే లెక్క నేటి కంప్యూటర్‌లో జిసిసి కంపైలర్‌తో చేస్తే సరిగా వస్తుంది, ఎందుకంటే అక్కడ "ఇంట్" 32 బిట్లు. తెర తుడిచే "సిఎల్ఆర్ఎస్‌సిఆర్" లాంటివి టర్బో సికి సొంతం, సి భాష ప్రమాణంలో లేవు.

నేను మొదటి ఇంటర్వ్యూలో తడబడింది ఇక్కడే. టర్బో సి చెప్పిందే సి భాష అనుకున్నాను. కావున పరీక్ష కోసం డాస్‌బాక్స్ వాడండి, ఉద్యోగం కోసం జిసిసి కూడా నేర్చుకోండి. అదీ ఉచితమే.

5. ఆటల సంగతి

ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆటను జోర్డాన్ మెక్‌నర్ తయారు చేయగా 1989లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద విడుదలైంది. దాని మూల ప్రోగ్రాము పోయిందని ఆయన ఏళ్ళ తరబడి అనుకున్నారు. 2012లో ఆయన తండ్రికి ఇంట్లో ఒక పెట్టెలో ఆ ఫ్లాపీలు దొరికాయి. నిపుణులు వాటి నుండి సమాచారాన్ని బయటికి తీశారు, ఆయన దాన్ని అందరికీ తెరిచి ఉంచారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2015 జనవరిలో రెండు వేలకు పైగా డాస్ ఆటలను బ్రౌజర్‌లోనే నడిచేలా పెట్టింది. దాని వెనుక ఉన్నదీ డాస్‌బాక్సే. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఆట పాతదైనంత మాత్రాన దాని మీద హక్కులు పోవు.

6. మన పాత సంచికలు

ఇది పూర్వ విద్యార్థులకు కూడా. మేము వేసిన పాత సంచికలు పేజీమేకర్‌లో, అను ఫాంట్లతో కూర్చినవి. అచ్చు ప్రతులకు చెదలు పట్టింది. సీడీ మిగిలింది. కొత్త కంప్యూటర్‌లో ఆ అక్షరాలు తెలుగుగా కాక ఇంగ్లీషు గుర్తుల గజిబిజిగా కనిపిస్తాయి. పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు ఆకారాలు పెట్టాయి. ఆ ఫాంటు లేకపోతే తెలుగు కనిపించదు. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికి తనదైన సంఖ్య ఉంటుంది. "క" సంఖ్య 3093, ఏ దేశంలో తెరిచినా అదే.

పేజీమేకర్ చివరి వెర్షన్ 7.0 2001లో వచ్చింది. వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాములో లైసెన్సు ఉన్న విండోస్ ఎక్స్‌పీ, పేజీమేకర్, అను ఫాంట్లు పెట్టుకుంటే ఆ ఫైళ్ళు తెరవవచ్చు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో భద్రతా మద్దతు ఆగిపోయింది, కాబట్టి దానికి ఇంటర్నెట్ ఇవ్వకండి. తెరిచిన తర్వాత ఊరుకోకూడదు, యూనికోడ్‌లోకి మార్చాలి. రేపు ఆ సీడీ కూడా చదవలేని స్థితికి వస్తుంది.

మన మూసారాంబాగ్ పేరే చూడండి. నిజాం కొలువులో సేనాధిపతిగా ఉండి 1798లో చనిపోయిన ఫ్రెంచి దొర ముస్యో రేమండ్‌ను ఇక్కడి వాళ్ళు "మూసా రామ్" అనీ, "మూసా రహీం" అనీ పిలుచుకున్నారు. తమ నోటికి తగ్గట్టు మార్చుకున్నారు కాబట్టే ఆ పేరు ఈనాటికీ బస్సు బోర్డు మీద ఉంది.

ఆ సంచికల్లో రాసిన చాలామంది ఇళ్ళల్లో అంతకుముందు ఎవరి పేరూ అచ్చులో రాలేదు. మా అమ్మకు చదువు రాదు, అయినా నా పేరున్న పేజీని ట్రంకు పెట్టెలో చీర మడతలో దాచుకుంది. అందుకే అన్నలకు నా మనవి: మీ దగ్గరున్న ఫ్లాపీలు, సీడీలు, పాత ప్రతులు ఈ వార్షికోత్సవం రోజున తీసుకురండి. తెరిచే పని నాది. యూనికోడ్‌లో టైపు చేసే పని తమ్ముళ్ళు ఆదివారం పూట తలా రెండు పేజీలు పంచుకుంటే ఏడాదిలో పూర్తవుతుంది.

– ఒక పూర్వ విద్యార్థి