స్వచ్ఛంద కంప్యూటర్లలో వాతావరణ నమూనాలు: సాఫ్ట్‌వేర్ మార్పుల సమన్వయం

కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాల వర్షాధార సేద్యానికి దీర్ఘకాలిక వాతావరణ అంచనాల ప్రాధాన్యం విదితమే. అట్టి అంచనాలలోని అనిశ్చితిని కొలవడానికి ఒకే నమూనాను స్వల్ప భేదాలతో వేలసార్లు నడపవలసి ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల క్లైమేట్‌ప్రెడిక్షన్ పథకం 2003 నుండి ఈ గణనను స్వచ్ఛందుల ఇంటి కంప్యూటర్లకు పంచుతున్నది.

2006 ఫిబ్రవరిలో బీబీసీ తోడ్పాటుతో 1920 నుండి 2080 వరకు వాతావరణాన్ని లెక్కించే ప్రయోగం మొదలైంది. ఏప్రిల్‌లో దోషం బయటపడింది. మానవకారక సల్ఫేట్ ఉద్గారాలను కాలక్రమాన పెంచవలసిన ఫైలు ఆ పని చేయలేదు. సూర్యరశ్మిని వెనుకకు మరల్చే కణాలు కొరవడి నమూనాలు మితిమీరి వేడెక్కాయి. వారాల తరబడి సాగిన గణనలను మళ్ళీ 1920 నుండి ప్రారంభించవలసి వచ్చింది.

ఈ పథకానికి ఆధారమైన బోయింక్ వ్యవస్థలో కొత్త సాఫ్ట్‌వేర్ కొత్త పనులతోనే వెళుతుంది. నడుస్తున్న పని పాత రూపంతోనే ముగుస్తుంది. పంట మధ్యలో యాజమాన్యం మార్చిన క్షేత్రపరీక్షను ఎవరు నమ్ముతారు? అయితే దత్తాంశమే తప్పినప్పుడు ఈ నియమం చాలదు, ఆ పనులను విడనాడక తప్పదు. అప్పటి పాత ఫలితాలు మాత్రం పూర్తిగా వృథా కాలేదు. సల్ఫేట్ పెరుగుదల లేని వాతావరణానికి అవి, మందు వేయని మడి వలె, పోలికగా మిగిలాయి.