లారీకి మోటార్ ఎంచుకునే ముందు

చి. చిన్నాకి,

నీ ఉత్తరం, దాంతోపాటు లారీ డ్రాయింగులు అందాయి. పది టైర్ల అశోక్ లేలాండ్‌ని ఆరో వంతు సైజుకి దించి, ఛాసిస్ మొదలు తొట్టి డోరు మీది రంగుల పువ్వుల దాకా గీశావు. చూసి చాలా సంతోషమేసింది. కానీ మోటార్ పేజీ దగ్గర ఆగిపోయాను. '4274 సైజు, 2,000 కేవీ, 4,000 వాట్లు' అని రాసి కింద రెండు గీతలు గీశావు. డబ్బు కట్టేశావో లేదో రాయలేదు. కట్టకపోతే ఆగు. అది మంచి మోటారే, కానీ రేసు బండికి. నువ్వు కడుతున్నది లోడు లాగే లారీ.

ఎంపిక ఎప్పుడూ మోటార్ దగ్గర మొదలుపెట్టకూడదు నాన్నా. చక్రం దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. నువ్వు రాసిన ప్రకారం ఖాళీ బండి 25 కిలోలు, ఇసుక లోడు 15, మొత్తం 40. టైరు 175 మిల్లీమీటర్లు, అంటే ఒక చుట్టుకి 55 సెంటీమీటర్లు నడుస్తుంది. నాలుగడుగుల నడకకి అడుగు ఎత్తు లేచే ర్యాంపు ఎక్కాలన్నావు. ఆ వాలు మీద 40 కిలోలను పైకి నెట్టాలంటే దాదాపు 98 న్యూటన్లు కావాలి. మట్టి మీద టైర్లు దొర్లడానికి ఇంకో 20 పైచిలుకు వేసుకో. మొత్తం 120 అనుకుందాం. దాన్ని టైరు వ్యాసార్ధంతో గుణిస్తే ఇరుసు దగ్గర కావలసిన టార్క్ పదిన్నర న్యూటన్ మీటర్లు. ఈ అంకెని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసిపెట్టుకో. మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

వేగం సంగతి చూడు. అసలు లారీ హైవే మీద 60లో పోతే, ఆరో వంతు బండి గంటకి 10 కిలోమీటర్లలో పోతేనే చూడ్డానికి లారీలా ఉంటుంది. నీ సరదా కోసం 15 పెట్టుకుందాం. అంత వేగంతోనే లోడు మీద ర్యాంపు ఎక్కినా చక్రాల దగ్గర ఖర్చయ్యేది 500 వాట్లు. అంతకు ఎనిమిది రెట్ల అంకె స్టిక్కర్ మీద ఉన్న మోటార్‌తో నీకేం పని?

ఇక కేవీ. లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకి మోటార్ ఎన్ని ఆర్‌పీఎం తిరుగుతుందో అదే కేవీ, అంతకుమించి ఏమీ లేదు. తక్కువ కేవీ మోటార్‌కి టార్క్ ఎక్కువని నీకెవరో చెప్పారన్నావు. అందులో సగమే నిజం. మిగతా సగం వైండింగ్ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది. ఒకే స్టేటర్‌ని తీసుకుని పది చుట్ల చోట ఇరవై చుట్లు చుట్టామనుకో. కేవీ సగమవుతుంది. అయితే స్లాట్‌లో పట్టే రాగి పెరగదు. అందుకని తీగ సన్నంది వేయాలి, పొడవు రెట్టింపవుతుంది, రెసిస్టెన్స్ నాలుగు రెట్లవుతుంది. అదే టార్క్‌కి ఇప్పుడు సగం కరెంటు చాలు. సగం కరెంటు వర్గం నాలుగో వంతు. దాన్ని నాలుగు రెట్ల రెసిస్టెన్స్‌తో గుణించు: పుట్టే వేడి మునుపు ఎంతో ఇప్పుడూ అంతే. అంటే చుట్లు పెంచినందుకు మోటార్‌కి కొత్త బలమేమీ రాలేదు, అది ఏ వోల్టేజీకి నప్పుతుందో మారింది. కాలకుండా ఎంత టార్క్ ఇవ్వగలదన్నది అందులోని రాగిని బట్టి, ఇనుముని బట్టి, అయస్కాంతాలను బట్టి, అవి ఇరుసుకి ఎంత దూరంలో తిరుగుతున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే వాట్లు చూడొద్దు, బరువు చూడు. వాట్లు వేసేవాళ్లు అవి ఎన్ని సెకన్లపాటో, ఎంత గాలి తగిలితేనో రాయరు. తూకం మాత్రం దాచలేరు.

ఒక ఆంపియర్‌కి ఎంత టార్క్ వస్తుందో తెలియాలంటే 9.55ని కేవీతో భాగించు. నీ 2,000 కేవీ మోటార్‌కి 0.0048 న్యూటన్ మీటర్లు వస్తాయి. డ్రాయింగులో 12:1 రేషియో వేశావు. పదిన్నరను 12తో భాగించి, గేర్లలో పోయే ఐదో వంతును కూడా లెక్కలోకి తీసుకుంటే మోటార్ దగ్గర 1.1 కావాలి. దానికి 230 ఆంపియర్లు! ర్యాంపు సగం ఎక్కకముందే పొగ వస్తుంది. చదును నేల మీదైతే ఇంకో ప్రమాదం: 6ఎస్ బ్యాటరీ (ఆరు సెల్స్ సిరీస్‌లో కలిపినది) 22.2 వోల్టుల మీద అది 44,400 ఆర్‌పీఎం తిరుగుతుంది, ఆ రేషియోతో లెక్కకి 120 కిలోమీటర్ల వేగం. పిల్లలు ఆడుకునే కాలనీ రోడ్డు మీద 40 కిలోల ఇనుము అలా పోవడం నేను ఒప్పుకోను. అదే మోటార్‌ని 15 కిలోమీటర్లకి దించాలంటే 97:1 కావాలి. ప్లానెటరీ గేర్‌బాక్సులు పెట్టి చేయొచ్చు, చేసినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ వేగంలో మొదటి పినియన్ కీచుమంటూ అరుగుతూనే ఉంటుంది.

నేనైతే 6374 సైజు ఔట్‌రన్నర్, 190 కేవీ తీసుకుంటాను. ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డులకు వాడేది. బయటి డబ్బా 63 మిల్లీమీటర్ల వ్యాసం, 74 పొడవు. (సైజు అంకెలు చదివేటప్పుడు జాగ్రత్త. కొందరు డబ్బా కొలత వేస్తారు, కొందరు లోపలి స్టేటర్ కొలత వేస్తారు.) ఔట్‌రన్నర్‌లో అయస్కాంతాలు బయటి డబ్బాకి అంటుకుని ఉంటాయి, కాయిల్స్ లోపల కదలకుండా ఉంటాయి. వ్యాసార్ధం పెద్దది కాబట్టి నెమ్మదిగా తిరుగుతూనే గట్టిగా లాగుతుంది. 6ఎస్ మీద ఇది 4,200 ఆర్‌పీఎం. రేషియో 9:1 పెట్టు, 15 కిలోమీటర్లు వస్తుంది. లోడుతో ర్యాంపు ఎక్కేటప్పుడు కరెంటు దాదాపు 29 ఆంపియర్లు. ముప్పాతిక కిలో దాటిన మోటార్‌కి అది హాయిగా మోసే పని.

దీని ఇబ్బంది కూడా చెప్పాలి. బయటి డబ్బా మొత్తం తిరుగుతుంది కాబట్టి దగ్గర్లో వైరుగాని, వేలుగాని ఉండకూడదు. ముందూ వెనకా కిటికీలు తెరిచి ఉంటాయి, అయస్కాంతాలు ఇనుప రజను లాక్కుంటాయి. గ్రైండింగ్ చేసే బల్ల మీద దాన్ని ఎప్పుడూ పెట్టకు. క్యాబిన్ వెనక రేకు పెట్టె కట్టి, గాలి వచ్చే చోట సన్నని జాలీ బిగించు.

హాల్ సెన్సార్లు ఉన్నదే తీసుకో. సెన్సార్ లేని మోటార్‌లో రోటర్ ఎక్కడుందో కంట్రోలర్‌కి తెలిసేది అది తిరిగేటప్పుడు పుట్టే ఎదురు వోల్టేజీ వల్లే. ఆగి ఉన్నప్పుడు ఆ వోల్టేజీ ఉండదు. ఖాళీ రేసు బండి అయితే ఎలాగో కదిలిపోతుంది, లోడు లారీ ర్యాంపు మధ్యలో ఆగిందంటే ముందుకీ వెనక్కీ వణుకుతుందే తప్ప కదలదు. కంట్రోలర్‌గా వెస్క్ రకం చూడు. స్వీడన్‌కి చెందిన బెంజమిన్ వెడ్డర్ తయారుచేసి అందరికీ తెరిచిపెట్టిన డిజైన్ అది. అందులో మోటార్ కరెంటుకి ఒక హద్దు, బ్యాటరీ కరెంటుకి ఒక హద్దు విడివిడిగా పెట్టుకోవచ్చు. మెల్లగా పోయేటప్పుడు బ్యాటరీ నుంచి వచ్చేదానికంటే మోటార్‌లో తిరిగే కరెంటు చాలా ఎక్కువ. మోటార్‌కి 45, బ్యాటరీకి 30 ఆంపియర్లతో మొదలుపెట్టు.

చక్రం రాయికి తన్నుకుని ఆగితే వెంటనే థ్రాటిల్ వదిలెయ్. తిరగని మోటార్‌లో కరెంటు అవే కాయిల్స్‌లో నిలిచిపోతుంది. ఎండాకాలంలో మన షాపుకి వచ్చే సబ్‌మెర్సిబుల్ మోటార్లు చూశావుగా, ఒక ఫేజు పోయినా నడిపినవి. విప్పితే కొన్ని కాయిల్స్ వార్నిష్ మాడి నల్లగా, పక్కవి ఇంకా రాగి మెరుపుతోనే ఉంటాయి. నీ చిన్న మోటార్ కూడా విప్పినప్పుడు అచ్చం అలాగే కనిపిస్తుంది.

మన ఎండల్ని లెక్కలో వేసుకోవడం చాలామంది మర్చిపోతారు. మాగ్నెట్లు నియోడిమియంవి. 1982లో జపాన్‌లో మసాటో సగావా కనిపెట్టిన ఈ అయస్కాంతాలే ఇంత చిన్న మోటార్లకి ఇంత బలమిచ్చాయి. కానీ మామూలు గ్రేడువి 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి, చల్లారినా ఆ బలం తిరిగి రాదు. ఎస్‌హెచ్ గ్రేడు 150 దాకా తట్టుకుంటుంది. ఏ గ్రేడో చెప్పని మోటార్‌ని 80కి మించనీయకు. గది వేడి 25 ఉన్నచోట మోటార్‌కి 55 డిగ్రీల వెసులుబాటు ఉంటుంది. మే నెల విజయవాడలో 44 ఉన్నప్పుడు మిగిలేది 36. అంటే వేడిని మూడో వంతు తగ్గించాలి, కరెంటు లెక్కలో అయిదో వంతు కోత. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనుక్కో. బండి ఆపిన రెండు నిమిషాల తర్వాత కూడా చూడు, లోపలి వేడి అప్పటికి బయటికి వస్తుంది.

రెండు ఇరుసులకి రెండు మోటార్లు పెట్టనా అని అడిగావు. వద్దు. పెట్టినా ఒక కంట్రోలర్‌కి రెండూ కలపకూడదు, రెండు రోటర్లూ ఒకే స్థానంలో ఉండవు కాబట్టి. దేనికది ఉండాలి. ఆ డబ్బు మంచి డిఫరెన్షియల్ మీద పెట్టు.

మోటార్ చేతికి రాగానే మూడు వైర్లూ ఒకదానికొకటి తగలకుండా పెట్టి వేళ్లతో తిప్పు. టకటకమని ఆగుతూ తిరిగినా మొత్తంమీద తేలిగ్గా ఉండాలి. తర్వాత ఏవైనా రెండు వైర్లు కలిపి తిప్పు, బిగుస్తుంది. మూడు జతల్లోనూ బిగువు ఒకేలా ఉండాలి. ఏమీ కలపకుండానే బరువుగా తిరిగితే లోపల చుట్లు షార్టయ్యాయని అర్థం, తిప్పి పంపించు.

మీ అక్క అమెరికా నుంచి వస్తూ ఇవన్నీ తెస్తానందట కదా. మోటార్, కంట్రోలర్ పెట్టెలో పెట్టుకోమను. బ్యాటరీలు మాత్రం చేతి సంచిలోనే, టెర్మినల్స్‌కి టేపు చుట్టి. 100 వాట్ అవర్ల లోపైతే అభ్యంతరం ఉండదు, 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. 6ఎస్ 5,000 ఎంఏహెచ్ ప్యాక్ 111 అవుతుంది. రెండు 3ఎస్ ప్యాక్‌లు తెమ్మను, ఒక్కోటి 56 లోపే. ఇక్కడ సిరీస్‌లో కలుపుకుందాం.

ఈ ఆదివారం డిఫరెన్షియల్‌ని బల్లకి బిగించి, రెండు చక్రాలూ కలిసి ఒక చుట్టు తిరగడానికి లోపలికి వచ్చే ఇరుసు ఎన్ని చుట్లు తిరుగుతోందో లెక్కపెట్టి రాయి. 9:1 రేషియోలో మిగతా భాగానికి పినియన్ ఎన్ని పళ్లు, స్పర్ ఎన్ని పళ్లు కావాలో తేల్చి పంపుతాను. మోటార్ ఇరుసు 8 మిల్లీమీటర్లా, 10దా, కీ గాడి ఉందా లేదా కూడా అమ్మేవాళ్లని అడుగు. పినియన్ లేత్ మీద వేయించాలంటే అది ముందే తెలియాలి. మీ అమ్మని అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య