ఆ పొట్టేలు తల్లిని చూసినవా?

చిరంజీవి మేనల్లునికి మేనత్త దీవించి రాయునది.

నీ ఉత్తరం కంటే ముందే సంతల కబురు అందింది. నల్ల గొర్రెలన్నీ అమ్ముతున్నవట, నెల్లూరు పొట్టేలును తెస్తున్నవట. సంత మాటల్ల సగం అబద్ధమే అనుకున్న. నిన్న ఫోటో వచ్చినంక నమ్మిన. పొట్టేలు బాగుంది. ఎత్తు మనిషి నడుము దాక ఉంది, తెల్లటి ఒళ్లు, కండ్ల చుట్టూ మూతికాడ నల్ల మచ్చలు, అచ్చమైన జోడిపి. పక్కన నిలబడ్డ నువ్వే బక్కగున్నవు. యాళ్లకు తింటున్నవా?

పొట్టేలు సరే. దాని తల్లిని చూసినవా?

నవ్వకు. మీ తాత పొట్టేలు కొనబోతే దాన్ని చూసేటోడు కాదు, సక్కగ దొడ్లకు పోయి తల్లిని చూపియ్యమనేటోడు. పొదుగు పట్టి చూసుడు, రెండు చన్లు సమంగ ఉన్నయా, ఎన్ని ఈతలు ఈనింది, పిల్లను దగ్గరికి రానిస్తదా అని అడుగుడు. చూపియ్యనన్నోని కాడ కొనకపోయేది. ఒక్కసారే ఆ పట్టు విడిచిండు. నాకు అప్పుడు పన్నెండేండ్లు. ఒక బేరగాడు తెచ్చిన పొట్టేలు కొమ్ములు చూసి మురిసి కొన్నడు. తల్లి ఏదంటే సచ్చిపోయిందన్నడు బేరగాడు. రెండు మూడేండ్లకు మందల సగం ఆ పొట్టేలు బిడ్డలే. అవి ఈనినయి, పొదుగుల పాలు లేవు. మేకపాలల్ల బట్టపేలిక ముంచి పిల్లల నోట్ల పెట్టుకుంట నేను బడి మానిన. పదకొండు పిల్లలల్ల నాలుగు బతికినయి. పొట్టేలు పాలియ్యదు గద అంటవు. అది ఇయ్యదు, దాని తల్లి పాలు దాని బిడ్డలకు దిగుతయి. మాంసం మొదటి ఏడే తూకంల కనపడుతది, పాల సంగతి తెలిసేసరికి మంద పాడైతది.

మీ మామను చూడబోయిన నాడు గూడ మీ తాత ముందు మా అత్తనే చూసిండట. ఆ ముచ్చట పండుగకు వస్తే చెప్త.

నెల్లూరు జీవం మీద నాకేం కోపం లేదు. మన నల్ల దక్కని గొర్రెకు దాన్ని దాటిస్తే పుట్టే పిల్ల తొందరగ బరువు పడతది. ఆ మొదటి తరం ఆడపిల్లల్లనే నీ లాభం ఉంది, తండ్రి ఒడ్డు వస్తది, తల్లి ఓర్పు వస్తది. కానీ వాటిని కనాలంటే నల్ల గొర్రె ఉండాలె గద! దాన్నే అమ్ముకుంటే ఏటేటా ఎక్కడికెల్లి తెస్తవు? నీ అరవై గొర్రెల్లో ముప్పై ఆ పొట్టేలుకు విడువు, ఒక్క పొట్టేలుకు అంతే మోత. తక్కిన ముప్పైకి నల్ల పొట్టేలునే పెట్టు. కలిపి పుట్టిన పొట్టేలు పిల్లలను మాంసానికి అమ్ము, ఒక్కదాన్ని గూడ విత్తనానికి ఉంచకు. ఉంచితే ఒక పిల్ల తాత లెక్క, ఒక పిల్ల అవ్వ లెక్క పుడుతది, మంద ఒక్కతీరుగ నిలవదు. రెండేండ్లకు పొట్టేలును మార్చు, లేకుంటే సొంత బిడ్డల మీదనే ఎక్కుతది.

ఉన్ని ఎవలు కొంటున్నరు అని రాసినవు. నిజమే, కత్తిరిచ్చిన కూలి గూడ ఎల్లదు. ఏడాది పొడుగునా కోసినా ఒక గొర్రెకు కిలో రాదు, అదీ గరుకు. నెల్లూరు దానికైతే ఉన్నే లేదు, ఉత్త వెంట్రుకలే. కానీ ముసురు పట్టినప్పుడు ఆ బొచ్చే గొర్రెకు గొంగడి. 2017ల ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు లెక్కన సబ్సిడీ జీవాలు బయటి రాష్ట్రాలకెల్లి లారీలల్ల మన ఊర్లల్ల దిగినయి గద, వానల వాటి వణుకుడు నేను కండ్లార చూసిన. అన్నట్టు, మీ నాయినమ్మ వడికిన ఉన్నితోటి నేసిన గొంగడి నా పెట్టెలనే ఉంది. నీకే ఉంచిన.

మహారాష్ట్ర ఫల్టణ్‌ల తయారైన నారీ సువర్ణ సంగతి గూడ అడిగినవు. సుందరవనాల గారోల్ అనే పొట్టి గొర్రెకెల్లి కవలల గుణం దక్కని గొర్రెలకు ఎక్కిచ్చిన్రు, అది నిజమే. రెండేసి పిల్లలు పుడుతయి. మరి ఇద్దరికీ పాలు ఎవలియ్యాలె? మల్ల తల్లి కాడికే వచ్చిన చూడు.

వానలకు ముందు చిటుక రోగం టీకా, నట్టల మందు మరవకు. పొట్టేలును విడిచే మూడు వారాల ముందు నుంచి గొర్రెలకు కొంచెం దాణా పెట్టు. నువ్వు గూడ రాత్రిపూట గిలాసెడు పాలు తాగు.

ఆ పొట్టేలుకు పైసలు కట్టకముందు దాని తల్లి ఫోటో, పొదుగు కనపడేటట్టు తీసి, నాకు పంపు.