బొగ్గు పొడి ఊళ్లో నడక: అనుభవ పాఠాలు

మాది విశాఖ పాత ఊరు, వన్‌టౌన్. బొగ్గు దిగే రేవు దగ్గరే. ఈ గాలిలో నడిస్తే మేలా, కీడా అని తోటి పెద్దవాళ్లు అడుగుతుంటారు. నాకు తెలిసింది చెబుతాను.

1. రాత్రి తుడిచిన వరండా గట్టును పొద్దున మళ్లీ తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లగా వస్తుంది. అందరం భయపడేది ఆ పొడికే. అది చాలావరకు ముక్కులో, గొంతులోనే ఆగిపోతుంది. ఊపిరితిత్తుల లోతుకు దిగేది పీఎం 2.5 అనే సన్నటి ధూళి. వెంట్రుక మందంలో 30వ వంతు ఉంటుంది, కంటికి ఆనదు. అందుకే ఫోన్‌లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్ చూసి గడప దాటతాను. గాలి నాణ్యత సూచీ 100 లోపుంటే హాయిగా నడక. 200 దాటితే ఇంట్లోనే వ్యాయామం. మధ్యలో ఉంటే నెమ్మదిగా, కాసేపే.

2. చలికాలంలో తెల్లవారుజాము గాలి స్వచ్ఛమనుకోవద్దు. రాత్రికి నేల చల్లబడుతుంది, పైన వెచ్చటి గాలి మూతలా కప్పేస్తుంది. మన ఊరికి మూడు వైపులా కొండలాయె, పొగంతా కిందే నిలుస్తుంది. ఎండ తగిలి నేల వేడెక్కాక గానీ కదలదు. ధనుర్మాసంలో నేను కాస్త ఎండెక్కాకే బయల్దేరతాను. భోగినాడు టైర్లు కాల్చే వీధి ఛాయలకే పోను.

3. ఊరికే కూర్చుంటే నిమిషానికి 6, 7 లీటర్ల గాలి పీలుస్తాం. పరుగెత్తితే 40 లీటర్లు దాటుతుంది. రొప్పుతూ నోటితో పీలిస్తే ముక్కు చేసే వడపోత కూడా ఉండదు. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగే వేగం చాలు.

4. లారీల రోడ్డు వదిలి లోపలి సందుల్లో నడవండి. చలికాలం కాకపోతే, పొద్దున్నే బండ్లు ఆపేసే వేళ బీచ్ రోడ్డు మనదే.

5. గుడ్డ మాస్కు ఈ సన్నటి ధూళిని ఆపలేదు. ఎన్95 ఆపుతుంది, ముఖానికి సందు లేకుండా అతుక్కుంటేనే. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరు గారిని అడిగాకే అది పెట్టుకుని నడవాలి.

6. పీఎం 2.5కి మన దేశం పెట్టుకున్న రోజువారీ హద్దు ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. సూచీ మన హద్దు ప్రకారమే ఉంటుంది కాబట్టి, అది పచ్చగా ఉన్నంత మాత్రాన నిశ్చింత పనికిరాదు. అలాగని నడక మానేస్తే షుగరు, బీపీ ఊరుకోవు. నడవండి. దారిలో టార్పాలిన్ కప్పని బొగ్గు లారీ కనిపిస్తే ఫొటో తీసి ఫిర్యాదు పెట్టండి.